నాకు రోజా సార్

అబద్ధమైతే కాదు కదా. పళ్ళెం ముట్టుకోలేదు, మెతుకు నోట్లో పెట్టుకోలేదు, నిజంగానే రంజాన్ రోజా ఉన్నాడు. చెప్పినవన్నీ నిజాలే. నిజాలన్నీ కలిసి అబద్ధం ఎట్లా అవుతాయో లెక్కల మేడం ఆశ్రితను అడగాలి, అనుకున్నాడు ఇనాయతుల్లా. ఒక చమత్కారం మధ్యలో ఆ పేరు అంత తేలిగ్గా వచ్చినందుకు అతని ముఖం వేడెక్కింది. ఎవరైనా చూశారేమోనని బస్సు కిటికీ వైపు తిరిగాడు.

కదిరి దాటాక చూడడానికి ఏమీ ఉండదు. వేరుశనగ పీకేసిన ఎర్రటి చేలు, గుండ్రాళ్ళ గుట్టలు, ఎండిపోయిన వంక మీద అవసరం లేనంత పొడుగు వంతెన. ఈ దారిలోనే అతను ఇన్నేళ్ళుగా తన తోటి టీచర్లను మనసులో వరసగా నిలబెట్టి తిట్టేవాడు. స్టాఫ్‌రూంలో అనవలసిన మాటలన్నీ ఈ కిటికీ పక్కనే అనేవాడు. డ్రాయింగ్ మాస్టరు ఉపాధ్యాయ సంఘం మారాడని, సర్దుబాటు పేరుతో అతన్ని మడకశిర వైపు తోలేసినప్పుడు తాను ఎంత బాగా మాట్లాడాడు! ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్ళ పైపు వేయకుండా ఆఫీసు ముందర పూలకుండీలు పెట్టినప్పుడు ఎంత సూటిగా అడిగాడు! బస్సు దిగేసరికి అన్నీ అడిగేసిన తృప్తి ఉండేది. ఆ తృప్తితోనే స్టాఫ్‌రూంలోకి వెళ్ళి, తన కుర్చీలో కూర్చుని, అందరితోపాటు టీ తాగేవాడు.

ఇంటికి పోయి భార్య షాహిదాతో అనేవాడు: "వాళ్ళు మనుషులు కారు. గ్లాసులు. పోసింది పట్టుకుంటారు, అంతే."

గ్లాసులు అన్న మాట ఊరికే రాలేదు. ఆ బడిలో ఏ విషయానికీ చేతులెత్తడం లేదు. హెడ్మాస్టరు నరేంద్ర సంగతి చెబుతాడు. "ఎవరికన్నా ఏమన్నా ఉందా?" అంటాడు. అటెండరు ఓబిలేషు టీ తెచ్చి పెడతాడు. "ఇంక తాగుదామా?" అంటాడు నరేంద్ర. అందరూ గ్లాసులెత్తితే విషయం తేలిపోయినట్టే. ఎవరూ ఔననలేదు, ఎవరూ కాదనలేదు, టీ తాగారు. తర్వాత ఎవరైనా గొడవ పడితే, "ఆరోజు అందరమూ కూర్చోని అనుకుంటిమి గదప్పా" అంటారు. ఏళ్ళ తరబడి అలవాటైన పద్ధతి. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు.

ఆ గదిలో పొడుగాటి బల్లకు కిటికీ వైపు హెడ్మాస్టరు మనుషులు, బీరువా వైపు అవతలి సంఘం వాళ్ళు కూర్చుంటారు. గోడకు ఉన్నది ఒకే మేకు. రెండు సంఘాల క్యాలెండర్లూ దానికే వేలాడతాయి. పొద్దున ముందు వచ్చినవాళ్ళు తమది పైకి వేస్తారు, మధ్యాహ్నానికి అది కిందికి పోతుంది. నెలల తరబడి ఈ యుద్ధం జరుగుతున్నా ఒక్కరూ ఒక్క మాట అనరు. ఇనాయతుల్లా కుర్చీ బల్ల చివర, ఏ పక్కా కాని చోట. ఆ కుర్చీ అంటే అతనికి లోలోపల గర్వం. ఆశ్రిత కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజు, తెలియక బీరువా వైపు కూర్చుంది, మర్నాడు తెలియక కిటికీ వైపు కూర్చుంది. ఇంకా ఏ సంఘంలోనూ చేరలేదు. అంటే ఆ గదిలో ఆమె ఎవరి మనిషీ కాదు. తాను కూడా అంతే కదా అని అతను అప్పుడు సంతోషపడ్డాడు.

మొన్న అన్నం రుచి చూసే వంతు అతనిది. పిల్లలకు వడ్డించే ముందు రోజుకొక టీచరు ఒక ముద్ద తిని చూడాలి. టీచరు తలూపితే గరిటె కదులుతుంది. ముద్ద తినకుండానే తలూపడం ఎక్కువమందికి అలవాటు. అతను మాత్రం ఎప్పుడూ తినే తలూపేవాడు. రంజాన్ నెల కాబట్టి ఆశ్రిత తనంతట తానే అడిగింది, "మీ వంతు నేను చూస్తాను సార్, మీరు ఉపవాసం గదా" అని. ఆ పిల్లను ఒంటరిగా పంపడం బాగుండదని అతను వెంట వెళ్ళాడు.

వంటషెడ్డులో కూరగాయల అన్నం. ఆశ్రిత పళ్ళెంలో కొంచెం పెట్టించుకుని, నోటిదాకా తీసుకుపోయి ఆగింది. పళ్ళెం వెలుతురులోకి తెచ్చింది. "చూడండి సార్."

చూశాడు. సన్నటి ఒళ్ళు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు. నిల్వ ధాన్యాల పాఠంలో బోర్డు మీద తానే బొమ్మ వేసి చెప్పే ముక్కుపురుగు, తాను వేసే బొమ్మ కంటే స్పష్టంగా ఉంది. ఒకటి కాదు. ఉడికి, నూనె తాగి మెరుస్తున్నాయి.

"పురుగులే కదా సార్?"

"అవునమ్మా," అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె గరిటె ఆపించింది. అన్నమంతా పారబోయించింది. వంటమనిషి నారాయణమ్మ చేతులు కొట్టుకుంది: "నేను జల్లెడ పట్టినాను తల్లీ! సంచుల్లోనే ఉండాయి! ఇంతమంది ముందర నా వంట మట్టిలో పోయిస్తావా?" ఆమె చెప్పిందీ నిజమే అయి ఉంటుంది. మళ్ళీ బియ్యం ఏరి, కడిగి, వండేసరికి పిల్లలు ఆకలితో అరుగు మీద ఒకరి మీద ఒకరు వాలిపోయారు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. నారాయణమ్మ అన్న రామాంజులు బడి కమిటీ ఛైర్మన్. అతను హెడ్మాస్టరుకు ఫోను చేశాడు.

నిన్న సాయంత్రం మీటింగు.

"జీలకర్ర, మేడం," అన్నాడు నరేంద్ర, చాలా మెత్తగా. "కూరగాయల అన్నంలో జీలకర్ర వేస్తారు. మీరు టౌన్‌లో పెరిగినారు. కట్టెల పొయ్యి మీద మాడితే నల్లగా ఉంటాది."

"కాళ్ళున్నాయి సార్," అంది ఆశ్రిత.

"రామాంజులన్న చెల్లెలి చేతి జీలకర్ర మేడం," అన్నాడు కిటికీ వైపు నుంచి ఆటల మాస్టరు వంశీ. "కాళ్ళేంది, ఆటల పోటీలకు తీస్కపోతే పరుగు పందెంలో కప్పు తెస్తాది."

కిటికీ వైపు నవ్వింది. బీరువా వైపు కూడా నవ్వింది. రెండు పక్కలూ కలిసి నవ్వడం ఈ ఏడాదిలో అదే మొదటిసారి.

"సరే, మనకెందుకు వాదన," అన్నాడు నరేంద్ర. "ఇనాయత్ సార్ పక్కనే ఉండినాడంట గదా. బయాలజీ అయ్యవారు. ఆయన మాటంటే మాట. చెప్పండి సార్, పురుగా, జీలకర్రా?"

అందరూ అతని వైపు తిరిగారు. ఆశ్రిత కూడా తిరిగింది. ఆమె చూపులో బతిమాలడం లేదు. ముఖంలో బిగువు సడలింది, అంతే. ఇంక అయిపోయింది, సార్ చెప్పేస్తాడు, ఇంటికి పోవచ్చు అన్నట్టు ఆమె పెన్ను సంచిలో వేసుకుంది కూడా.

"నాకు రోజా సార్," అన్నాడు ఇనాయతుల్లా. "నేను పళ్ళెం ముట్టుకోలేదు."

"అవునవును, రోజా గదా," అన్నారు ఒకరిద్దరు. "నీళ్ళు కూడా ముట్టరు సార్ వాళ్ళు, ఎంత నిష్ఠగా ఉంటారు," అన్నాడు తెలుగు మాస్టరు తిమ్మప్ప, అభిమానంగా. నరేంద్ర రెండు చేతులూ జోడించి, "సారీ సార్, మీ ఉపవాసంలో మిమ్మల్ని లాగినాను," అన్నాడు. ఆ గౌరవమంతా వచ్చి, చెమట పట్టిన ఒంటి మీద దుమ్ములాగా అతన్ని అంటుకుంది. ఆశ్రిత ఇంకా అతని వైపే చూస్తోంది. సంచిలో వేసిన పెన్ను మళ్ళీ బయటకు తీసి, ఎందుకు తీసిందో తెలియనట్టు చేతిలో పట్టుకుంది.

అప్పుడే ఓబిలేషు తలుపు దగ్గర నిలబడి, "సార్, పాలు ఇరిగిపోయినాయి," అన్నాడు.

"సరే, రేప్పొద్దున ప్రార్థనకు ముందు తాగుదాం," అన్నాడు నరేంద్ర. "ఆ తర్వాత మేడం మైకులో ఒక్క మాట చెప్తే సరిపోతాది. పొరపాటు పడినాను, అవి జీలకర్రేనని. పిల్లల ముందర పారబోయించినారు, పిల్లల ముందరే చెప్పల్ల. నారాయణమ్మ మనసు కూడా మనసే గదా."

పాలు విరగకపోతే నిన్ననే తేలిపోయేది. అప్పుడు సిగ్గుపడడం ఒక్కటే మిగిలేది, అది అతనికి చేతనవును. కానీ విషయం ఈ పొద్దుటి దాకా తెరిచే ఉండిపోయింది.

నిన్న ఉపవాసం విడిచే ఇఫ్తారు వేళ షాహిదా ఖర్జూరం చేతికిస్తూ అడిగింది, "ఈపొద్దు ఎవురిని తిడతాండావు?"

"ఎవరినీ లేదు."

ఆమె అతని నుదుటి మీద చేయి పెట్టి చూసింది. "జరం కూడా లేదే."

ఎందుకన్నాడు ఆ మాట? పొద్దుటి నుంచి అదే వెతుకుతున్నాడు. రామాంజులంటే భయమా? అతను ఎదురైతే ఇప్పటికీ, "బాగుండారా అయ్యవారూ" అని బండి ఆపుతాడు. ఎండాకాలం బదిలీలా? కదిరికి దగ్గర బడి వస్తే బాగుండునన్న ఆశ ఉంది, నిజమే, కానీ నిన్న ఆ క్షణంలో అది గుర్తుకైనా రాలేదు. స్టాఫులో ఒక్కడే సాయిబు, తనకెందుకు? ఈ కారణం దగ్గర అతను చాలాసేపు ఆగాడు. ఆ భయం ఉత్తిది కాదు, దానితో కొన్ని సంవత్సరాలు జాగ్రత్తగా బతికాడు. అయినా నిన్నటి మాట దాంట్లోంచి రాలేదు. ఇప్పుడు దాన్ని తెచ్చి అడ్డం పెట్టుకుంటే, రోజాను అడ్డం పెట్టుకున్నట్టే ఇంకొకదాన్ని పెట్టుకోవడం అవుతుంది.

నిజం చాలా చిన్నది. అడిగారు, ఆ మాట నోటికి దగ్గర్లో ఉంది, సౌకర్యంగా ఉంది, వచ్చేసింది. దురద పెట్టినచోటికి చేయి పోయినట్టు. ఇన్నేళ్ళూ వాళ్ళు పిరికివాళ్ళనీ, స్వార్థపరులనీ పెద్ద పెద్ద కారణాలు వెతికాడు వాళ్ళ మౌనానికి. వాళ్ళ లోపల కూడా ఇంతే జరుగుతుందేమో. ఇంత చిన్నదేనేమో. బహుశా వాళ్ళు కూడా తమ తమ బస్సుల్లో అతన్ని తిట్టుకుంటూ వస్తారేమో.

కడుపుకే కాదు, నాలుకకు కూడా రోజా ఉండాలని చిన్నప్పుడు అబ్బా అనేవాడు. తండ్రి మాటకు అర్థం అబద్ధం ఆడకూడదని, చాడీలు చెప్పకూడదని అనుకున్నాడు. రోజాతోనే అబద్ధం ఆడవచ్చని అబ్బాకు తట్టి ఉండదు.

బస్సు ఆగింది. తిమ్మప్ప ఎక్కి, సంచి ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు.

"ఏమన్నా, మొగం పీక్కపోయిండాది. తెల్లారుజామున సహరీకి తినలేదా?"

"తింటిని."

తిమ్మప్ప గొంతు తగ్గించాడు. "ఆ పాపకు అన్యాయమన్నా. పిల్లోళ్ళ ముందర అట్ల చెప్పిస్తారా? రేపు క్లాసులో ఆయమ్మ మాట ఎవురింటారు? ఎవరో ఒకరు మాట్లాడల్ల."

అచ్చం తన మాట. ఎవరో ఒకరు మాట్లాడాలి. షాహిదా దగ్గర ఎన్నిసార్లు అన్నాడో.

"నువ్వు మాట్లాడు తిమ్మప్పా."

"నేనెట్లన్నా? నేను బీరువా పక్క. నేను నోరు తెరిస్తే సంఘం గొడవ అంటారు, ఆ పాపకే ఇంకా చెడుపు. యా పక్కా లేనోడు మాట్లాడితే బరువు ఉంటాది. నీ మాదిరోడు." ఆగి, నిజమైన జాలితో అన్నాడు, "నీకేమో రోజా అయిపాయె."

ఎత్తిపొడుపేమోనని ఇనాయతుల్లా అతని ముఖంలోకి చూశాడు. లేదు. తిమ్మప్ప నమ్ముతున్నాడు. సంచిలోంచి ఒక పొట్లం తీసి, "మావాడు బెంగళూరు నుంచి తెచ్చినాడు, సాయంత్రం రోజా ఇడిసేటప్పుడు తిను," అని ఖర్జూరాలు చేతిలో పెట్టాడు. ఇనాయతుల్లా దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బస్సు దిగేదాకా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

బడి గేటు లోపల, వేపచెట్టు నీడలో ఆశ్రిత స్కూటీకి స్టాండు వేసి నిలబడి ఉంది. తిమ్మప్ప తల వంచుకుని ముందుకు పోయాడు.

"సార్, ఒక్క మాట," అంది ఆశ్రిత. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, దానికి అతను సిద్ధపడి వచ్చాడు. "మొన్న నేను అడిగినప్పుడు మీరు అవునన్నారు కదా? లేక మీరేమీ అనలేదా? రాత్రి నుంచి ఆలోచిస్తున్నాను సార్. నిజంగా నాకిప్పుడు తెలియడం లేదు. పురుగులు చూశాననే అనుకుంటున్నాను. అందరూ జీలకర్ర అంటుంటే... నేనే ఎక్కువ చేశానా సార్?"

ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ప్రార్థన మైకు దగ్గర ఎవరో, "హలో, హలో" అంటూ ఊదుతున్నారు. జవాబు గొంతులోనే ఉంది. ఇక్కడ చెట్టు కింద చెబితే ఎవరూ వినరు. ఇక్కడ చెప్పడం చాలా తేలిక, కాబట్టి ఇక్కడ చెప్పకూడదు అనుకున్నాడు. అట్లా అనుకోవడం కూడా తప్పించుకునే ఇంకొక దారేనేమోనని అనుమానం వచ్చింది. ఈ లోపల ఓబిలేషు వరండాలోంచి కేక వేశాడు, "అయ్యవార్లూ, టీ వచ్చినాది!"

"పదమ్మా," అన్నాడు ఇనాయతుల్లా.

ఆమె ముందు నడిచింది. అతను వెనకాల నడిచాడు. పురుగును కంటితో చూసిన మనిషికి తన కంటి మీదే అనుమానం వచ్చింది. అది చేసింది నరేంద్ర కాదు, రామాంజులు కాదు, వంశీ వేళాకోళం కాదు. వాళ్ళంతా కలిసినా అంత పని చేయలేరు. పక్కన నిలబడి చూసినవాడు ఒక్కడే చేయగలడు.

స్టాఫ్‌రూంలో అందరూ వచ్చేశారు. ఈరోజు కిటికీ వాళ్ళ క్యాలెండరు పైన ఉంది. ఓబిలేషు ఒక్కొక్కరి ముందూ గ్లాసు పెట్టి, కెటిల్‌తో పోసుకుంటూ వస్తున్నాడు. ఇనాయతుల్లా దగ్గరికి వచ్చేసరికి కెటిల్ పైకెత్తి, భక్తిగా పక్కకు జరిగి దాటిపోయాడు. నెలంతా అట్లాగే దాటుతున్నాడు.

"నిన్ననే అన్నీ అనుకున్నాం," అన్నాడు నరేంద్ర. "ఎవరికన్నా ఏమన్నా ఉందా?"

ఫ్యాను తిరుగుతోంది. తిమ్మప్ప తన గ్లాసులోకి చూసుకుంటున్నాడు, అందులో ఏదో రాసి ఉన్నట్టు. ఇనాయతుల్లా ముందు బల్ల ఖాళీ. ఎత్తడానికి గ్లాసు లేదు. అంటే ఈ తీర్మానంలో తాను లేడు. రేపు ఎవరైనా అడిగితే ధైర్యంగా, నేనైతే టీ తాగలేదని చెప్పుకోవచ్చు. ఆ ఆలోచనతో పాటు లోపల చల్లగా ఏదో పాకింది. అతను దాన్ని గుర్తుపట్టాడు. నిన్న రోజా అని తప్పించుకున్నప్పటి హాయి. అదే రుచి, అదే దారిన, అంత మర్యాదగా వచ్చి నిలబడింది.

"ఇంక తాగుదామా?"

గ్లాసులు లేస్తున్నాయి. బల్ల అవతల ఆశ్రిత చేయి నెమ్మదిగా కదిలింది. వేళ్ళు గ్లాసు అంచు మీద ఆనాయి. ఆమె కూడా తాగబోతోంది. ఈరోజు తాగితే రేపు తాగడం ఇంత కష్టంగా ఉండదు. ఎల్లుండికి ఏ పక్క కూర్చోవాలో తెలిసిపోతుంది.

"ఓబిలేషూ." నాలుక పొడిబారి మాట సరిగ్గా రాలేదు. మళ్ళీ అన్నాడు. "ఓబిలేషూ, నాకూ ఒక గ్లాసు పెట్టప్పా."

ఓబిలేషు బిత్తరపోయాడు. "రోజా గదా సామీ?"

"పెట్టు."

"ఏమి సార్, పొద్దున్నే ఇడిసేసినారా?" అన్నాడు వంశీ. ఎవరో నవ్వబోయి, మిగతావాళ్ళు నవ్వకపోవడంతో ఆపేశారు. నరేంద్ర గ్లాసు పెదవుల దగ్గరే ఆగింది.

గ్లాసు వచ్చింది. టీ పోశాడు. అల్లం వాసన ముఖానికి కొట్టి, అతని నోట్లో నీరూరింది. అందుకు కూడా కొంచెం సిగ్గేసింది. రెండు వేళ్ళతో గ్లాసును పట్టుకుని, తొణక్కుండా, బల్ల మీద నుంచి ముందుకు జరపడం మొదలుపెట్టాడు. కిటికీ వైపు చేతులూ, బీరువా వైపు చేతులూ దారి ఇచ్చాయి. కుర్చీలోంచి లేవాల్సి వచ్చింది. బల్ల మధ్యకు వచ్చాక వదిలేశాడు.

"నేను తాగను సార్," అన్నాడు నరేంద్రతో. "రోజా అని కాదు."

తర్వాత ఆశ్రిత వైపు తిరిగి, గదిలో అందరికీ వినబడేట్టు చెప్పాడు.

"మొన్న నేను అవుననే అన్నానమ్మా. పురుగులే అవి."